ఆట మానమనే ముందు, చేతిలో ఏముందో అడగండి



గత మాసంలో ఒక సాయంత్రం మా వీధి చివర దర్జీ దుకాణం నడిపే ఒకాయన, ఇంజనీరింగు చదువుతున్న తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఉద్యోగ విరమణ చేసి ఇన్నేళ్ళయినా నర్సీపట్నంలో డాక్టరు అన్న పిలుపు మనిషిని విడిచిపెట్టదు. అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు చేయో కాలో చూపించి పోతూనే ఉంటారు. ఈ కుర్రవాడికి ఎడమ బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, రెండు నెలలుగా నొప్పి. నీళ్ళ సీసాను ఆ చేత్తో ఎత్తలేకపోతున్నాడు. తలుపు గడియ తీయాలన్నా కుడిచేయి వెదుక్కుంటున్నాడు.

"రాత్రింబవళ్ళు ఆ వీడియో గేములేనండి డాక్టరుగారూ. నా మాట వినడు. మానేయమని మీరైనా చెప్పండి" అన్నారు తండ్రి.

నేను ఆ మాట చెప్పలేదు. "దేనితో ఆడతావు బాబూ?" అని అడిగాను. కుర్రవాడు తలెత్తి చూశాడు. అప్పటికే ఇద్దరు వైద్యులకు చూపించుకున్నాడట. ఎన్ని గంటలు ఆడతావని ఇద్దరూ అడిగారు, ఎందుకు ఆడతావని ఒకరు అడిగారు. చేతిలో ఏమి పట్టుకుని ఆడతావని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకు అతడు అరగంటసేపు సమాధానం చెప్పాడు. ఆ అరగంటలో నేను నేర్చుకున్నదీ, ఆ తరువాత చదివి తెలుసుకున్నదీ, నా వృత్తి అనుభవంతో కలిపి మీ ముందుంచుతున్నాను.

అతడు ఆడేది టెక్కెన్. ఇటువంటివాటిని ఫైటింగ్ గేములంటారు. తెర మీద ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడతారు. ఒక చేయి దిశలను నడుపుతుంది, రెండవ చేయి దెబ్బలు కొడుతుంది. క్రిందికి, ముందుకు వాలుగా, ముందుకు అని మూడు దిశలను వెంటవెంటనే తిప్పి ఒక గుద్దు బటన్ నొక్కితేనే ఒక ప్రత్యేకమైన దెబ్బ వస్తుంది. తెర మీది బొమ్మ సెకనుకు అరవై సార్లు మారుతుంది. నేర్పరి అయిన ఆటగాడు ఆ అరవై భాగాలలో రెండు మూడింటిని లెక్కపెట్టుకుని కదులుతాడు. అంటే ఇది కంటికీ మెదడుకూ ఎంత పరీక్షో, వేళ్ళకూ అంతే పరీక్ష.

ఆ వేళ్ళ క్రింద ఉండే పరికరాలు ముఖ్యంగా మూడు. మొదటిది ఆర్కేడ్ స్టిక్. ఒక పెద్ద పెట్టె, ఎడమవైపు నిలువు కర్ర, కుడివైపు బటన్లు. మన పట్టణాలలో 1990ల నాటి వీడియో గేమ్ పార్లర్లు చూసినవారికి దీనిని వర్ణించనక్కరలేదు. బస్టాండు దగ్గరా, సినిమా హాలు పక్కనా, చీకటిగా ఉండే చిన్న గది, రూపాయి బిళ్ళ, ఆ కర్ర పట్టుకుని ఊగిపోయే పిల్లలు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 ప్రపంచమంతటా ఆ కర్రనూ దాని ప్రక్కన ఆరు బటన్లనూ అలవాటు చేసింది. (మనవాళ్ళు 'ముస్తఫా గేమ్' అని పిలుచుకున్నది కూడా అదే క్యాప్‌కామ్ సంస్థ 1993లో చేసినది. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అది ఈ తరహా పోరాటం కాదు కానీ, ఆ రోజుల పేరెత్తితే దానిని తలవకుండా ఉండలేం.)

రెండవది ప్యాడ్. ప్లేస్టేషన్‌తో పాటు ఇంట్లోకి వచ్చినది, రెండు అరచేతుల మధ్య ఇమిడేది. దీనిలో దిశల భారమంతా ఎడమ బొటనవేలు ఒక్కదాని మీదనే. మూడవది లీవర్‌లెస్. పెట్టె అదే కాని కర్ర ఉండదు. ఎడమ, క్రిందు, కుడి దిశలకు మూడు వేళ్ళ క్రింద మూడు బటన్లు, పైకి ఎగరడానికి బొటనవేలి క్రింద ఒకటి. హిట్ బాక్స్ అనే అమెరికా సంస్థ గత దశాబ్దంలో దీనికి ప్రచారం తెచ్చింది. ఆలోచిస్తే మన కంప్యూటరు కీబోర్డు కూడా ఇదే జాతి. పాతికేళ్ళ క్రితం ఇంటర్నెట్ సెంటర్లలో టెక్కెన్ 3 ఆడిన మన కుర్రవాళ్ళు కీబోర్డు మీదే ఆడారు. తాము భవిష్యత్తు పరికరం వాడుతున్నామని వాళ్ళకు తెలియదు.

వీటిలో ఏది గొప్పదన్న వాదన ఆటగాళ్ళ మధ్య తెగనిది. కర్రవాళ్ళకు ప్యాడ్ పిల్లల బొమ్మ. ప్యాడ్‌వాళ్ళకు కర్ర ముసలివాళ్ళ మోజు. ఇద్దరికీ లీవర్‌లెస్ మోసం. కొంతవరకు ఈ చివరి ఆరోపణలో విషయం ఉంది. కర్రను ఎడమ నుండి కుడికి తిప్పాలంటే మధ్యబిందువు దాటాలి. బటన్లకు ఆ ప్రయాణం లేదు, ఒక వేలు లేవకముందే రెండవ వేలు నొక్కవచ్చు. 2019లో జపాను దిగ్గజం డైగో ఉమెహారా దిశలకు అదనపు బటన్లున్న ఒక పెట్టెతో క్యాప్‌కామ్ వారి పోటీకి వెళితే దానిని అనుమతించలేదు. ఆ తరువాత నియమాలు స్థిరపడ్డాయి. ఇప్పుడు వారి పోటీలలో ఎడమ, కుడి కలిపి నొక్కితే రెండూ రద్దయిపోవాలి. పెట్టె ఆకారాన్ని నిషేధించకుండా, దానిలోనుండి వచ్చే సంకేతాన్ని నియంత్రించడం నాకు న్యాయంగా తోస్తుంది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

మరి విజేతలు ఏమి వాడారు? 2014లో లాస్ వేగస్‌లో జరిగిన ఈవో పోటీలో స్ట్రీట్ ఫైటర్ 4 కిరీటం లఫీ అనే ఫ్రెంచి ఆటగాడు గెలుచుకున్నాడు. అతడి చేతిలో ఉన్నది తొలి ప్లేస్టేషన్ నాటి పాత ప్యాడ్. అమెరికాకు చెందిన సోనిక్‌ఫాక్స్ ఎన్నో ఈవో కిరీటాలు ప్యాడ్‌తోనే సాధించారు. కర్రతో పేరు తెచ్చుకున్న ఉమెహారా తరువాత లీవర్‌లెస్‌కు మారాడు. ఇక మైకేల్ బేగం సంగతి వైద్యుడిగా నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. బ్రోలీలెగ్స్ అనే పేరుతో ఆడిన ఈ టెక్సాస్ యువకుడు పుట్టుకతోనే ఆర్థ్రోగ్రైపోసిస్ ఉన్నవాడు. అంటే కీళ్ళు బిగుసుకుపోయి, కండరాలు ఎదగని స్థితి. చేతులతో ప్యాడ్ పట్టుకోలేడు. ముఖంతో, నాలుకతో బటన్లు నొక్కేవాడు. అలాగే ఈవో వరకు వెళ్ళి, చేతులున్నవారిని ఓడించాడు. 2024లో మరణించాడు. ఏది సరైన పరికరమని అతడిని అడిగితే ఏమి చెప్పేవాడు?

నా అభిప్రాయం ఇది. పరికరం ఎంపిక ప్రతిష్ఠకు సంబంధించినది కాదు, శరీర నిర్మాణానికి సంబంధించినది. కళ్ళజోడు నంబరు ఎదుటివాడిని చూసి తీసుకోము. ఛాంపియన్ చేతిని చూసి మన చేతికి పరికరం కొనడమూ అంతే తప్పు. మన చుట్టూ పనివాళ్ళను చూడండి. మనకు దగ్గరలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసేవారు ఉన్నారు. తిరిగే కర్ర మీద ఉలి ఆనించి గంటలకొద్దీ పనిచేసే ఆ కళాకారులలో ఎవరి ఉలి పట్టు వారిదే. చెరకు నరికేవారికి ఎవరి కత్తి వారిదే. చేతికి నప్పని పిడి సాయంత్రానికి బొబ్బగా కనబడుతుంది కనుక వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆటగాడి పరికరం చేసే హాని బొబ్బలా పైకి కనబడదు. లోపల జరుగుతుంది.

లోపల ఏమి జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. బొటనవేలిని వెడల్పుగా చాపే ఒక టెండన్, వెనక్కు ఎత్తే మరొక టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళు, రెండూ మణికట్టు పక్కన ఒక ఇరుకైన సొరంగం గుండా సాగుతాయి. బొటనవేలు కదిలిన ప్రతిసారీ ఆ తాళ్ళు సొరంగంలో జారాలి. సొరంగపు గోడ మందమైతే తాడు ఒరుసుకుంటుంది. అదే నొప్పి. దీనిని 1895లో స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి క్వెర్వాన్ వర్ణించాడు, జబ్బుకు ఆయన పేరే నిలిచింది. నా దగ్గరకు ఈ నొప్పితో వచ్చినవారిలో ఎక్కువమంది బాలింతలు. రోజంతా బిడ్డను చంకల క్రింద చేతులుంచి ఎత్తే తల్లులు. వారిలో ఎవరికీ నేను బిడ్డను ఎత్తడం మానేయమని చెప్పలేదు. ఎలా ఎత్తాలో చూపించాను.

ఆటలతో చేతినొప్పి కొత్త సంగతి కాదు. ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 1981లోనే 'స్పేస్ ఇన్వేడర్స్' మణికట్టు గురించి ఒక లేఖ వచ్చింది. 1990లో అదే పత్రికలో, అయిదు గంటలు ఆపకుండా నింటెండో ఆడి కుడి బొటనవేలి నొప్పితో వచ్చిన ముప్ఫై అయిదేళ్ళ మహిళ గురించి మరొక వైద్యుడు వ్రాసి, దానికి 'నింటెండినైటిస్' అని చమత్కారంగా పేరు పెట్టాడు. రోగి పిల్లవాడు కాదని గమనించండి.

మన కుర్రవాడి కథ ఇప్పుడు అర్థమవుతుంది. టెక్కెన్‌లో వెనక్కు వేగంగా జరిగే ఒక పద్ధతి ఉంది. కొరియన్ బ్యాక్‌డాష్ అంటారు. వెనక్కు, వెనక్కు, క్రిందికి వాలుగా, మళ్ళీ వెనక్కు. ఇది ఆగకుండా తిరగాలి. సాధన గదిలో అతడు దీనిని ఒక్కొక్క రాత్రి వందలసార్లు చేసేవాడట. ప్యాడ్ మీద ఆ పని అంతా ఎడమ బొటనవేలిదే. పైగా ఉత్కంఠలో ప్యాడ్‌ను పిండినట్టు పట్టుకునేవాడు. బొటనవేలిని పిడికిలిలో మూసి మణికట్టును చిటికెన వేలి వైపు మెల్లగా వంచితే నొప్పి చురుక్కుమంది. ఫింకెల్‌స్టైన్ పేరుతో మేము చేసే పరీక్ష అది. (ఇంట్లో గట్టిగా లాగి పరీక్షించుకోకండి. ఆరోగ్యంగా ఉన్న చేయి కూడా కొంత నొప్పెడుతుంది.)

అయితే ప్యాడ్ చెడ్డది, మిగిలినవి మంచివి అనుకోకూడదు. ఈ మాట ఆటగాళ్ళకు గట్టిగా చెప్పదలచుకున్నాను. లీవర్‌లెస్ కొంటే చేతినొప్పి పోతుందన్న ప్రచారం సగం సత్యం. అది బొటనవేలి భారాన్ని మూడు నాలుగు వేళ్ళకు పంచుతుంది, నిజమే. కానీ బల్ల ఎత్తుగా ఉండి, పెట్టె మందంగా ఉంటే మణికట్టు పైకి వంగుతుంది, రెండు చేతులూ చిటికెన వేలి వైపు వాలుతాయి, వేళ్ళు గంటలకొద్దీ గాలిలో లేచి ఉంటాయి. నొప్పి బొటనవేలు విడిచి ముంజేతి పైభాగానికి చేరుతుంది. కర్ర వాడేవారికి భారం మణికట్టుకూ మోచేతికీ పంచుకుంటుంది. బొటనవేలికి సుఖమే కాని, మోచేయి బల్ల అంచున ఆనించి కూర్చుంటే అక్కడి నరం నలిగి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. అంటే ప్రతి పరికరమూ శరీరంలో ఒక్కొక్క చోట అద్దె వసూలు చేస్తుంది. మీరు ఎక్కడ చెల్లించగలరో తెలుసుకుని ఎంచుకోవాలి. చిన్న అరచేయి, పొట్టి వేళ్ళు, పాత గాయం, ఎడమచేతి వాటం, వీటన్నిటికీ ఆ లెక్కలో చోటుంది. పోటీ నియమాలు పెట్టె ఆకారాన్ని ముట్టుకోకూడదని నేను అన్నది అందుకే. ఒకడికి సౌకర్యంగా కనబడే ఆకారం మరొకడికి ఆడగలిగే ఏకైక మార్గం కావచ్చు.

తల్లిదండ్రులతో ఒక మాట. ఇది పనికిమాలిన కాలక్షేపమని మీరు అనుకోవచ్చు, ఆ చర్చలోకి నేను పోను. కానీ 2022 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వశాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 నాటి చట్టం డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. ఈ రెండింటికీ తేడా తెలియకుండా పిల్లలను తిట్టడం అన్యాయం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ 5 పతక విభాగం. మన దేశం నుండి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ పాల్గొన్నారు. స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూ వయసు అప్పటికి నలభై నాలుగు. నలభై నాలుగేళ్ళ వరకు ఆ వేళ్ళు పనిచేశాయంటే, వాటిని అతడు ఎలా కాపాడుకున్నాడో తెలుసుకోవాలని నాకు కుతూహలం.

"మానేయ్" అన్న మందు రోగులు తీసుకోరని నా సర్వీసులో నాకు బాగా తెలిసింది. తీసుకోకపోగా, నొప్పిని దాస్తారు. ఈ కుర్రవాడు కూడా తండ్రి తిడతారని మొదటి నెల దాచాడు. మందుల దుకాణంలో నొప్పి బిళ్ళలు కొని మింగాడు. ఖాళీ కడుపున అవి అల్సరు తేగలవు, ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలను దెబ్బతీయగలవు. తొలి వారంలోనే చెప్పి ఉంటే పదిరోజుల విశ్రాంతితో పోయేదేమో. నాకు కోపం వచ్చింది ఆట మీద కాదు, ఆ దాపరికం మీద.

ఇక చేయవలసినవి. ఆట తరువాత కాసేపటికి తగ్గే అలుపు సహజం. మరునాడు ఉదయం కూడా నిలిచే నొప్పి సహజం కాదు. అరగంటకొకసారి లేచి చేతులు వదులు చేయండి. మణికట్టు ముంజేతికి సమానంగా, వంపు లేకుండా ఉండాలి. బల్ల ఎత్తైతే పెట్టెను ఒడిలో పెట్టుకోండి. పరికరం మార్చదలిస్తే ఖరీదైన విదేశీ పెట్టె కొనే ముందు ఇంట్లో ఉన్న కీబోర్డు మీద రెండు వారాలు ప్రయత్నించండి. రోజుకు పావుగంటతో మొదలుపెట్టండి. కొత్త పరికరం కొత్త కండరాలను అడుగుతుంది. పాత పరికరం మీద ఆడినన్ని గంటలు మొదటిరోజే ఆడితే కొత్త నొప్పి కొనుక్కున్నట్టే. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్రలేపుతున్నా, బొటనవేలి క్రింది కండ పలచబడుతున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా అది నరానికి సంబంధించినది, ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యుణ్ణి గాని నరాల వైద్యుణ్ణి గాని చూడండి. డి క్వెర్వాన్ జబ్బుకు బొటనవేలిని కదలనివ్వని పట్టీ, విశ్రాంతి చాలాసార్లు సరిపోతాయి. తగ్గకపోతే సొరంగంలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షను ఎక్కువమందికి బాగా పనిచేస్తుంది. మధుమేహం ఉన్నవారికి కొద్దిరోజులు చక్కెర పెరగవచ్చు, ముందే చెప్పండి. శస్త్రచికిత్స అవసరమయ్యేవారు కొద్దిమందే.

ఆ సాయంత్రం తండ్రికి ఇదంతా చెబుతుంటే ఆయన ముఖం మారలేదు. చివరకు నేను, "మీ కత్తెర ఒక రోజు మీ పక్క దుకాణం ఆయనకు ఇస్తారా?" అని అడిగాను. "ఎలా ఇస్తానండి, అది నా చేతికి అలవాటైపోయింది. ఆయన పడితే పదును పోతుంది, ఆయనది నేను పడితే నాకు గుడ్డ తెగదు" అన్నారు వెంటనే. కొడుకు నవ్వాడు. తండ్రి నవ్వలేదు కాని, మానేయమని చెప్పమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

కుర్రవాడికి మూడు వారాలు పట్టీ కట్టించాము. తరువాత కీబోర్డు మీద పావుగంటతో మొదలుపెట్టాడు. వరుసగా ఓడిపోతున్నానని, తనకంటే చిన్నవాళ్ళు కూడా కొట్టేస్తున్నారని వాపోయాడు. బొటనవేలు మాత్రం సీసా ఎత్తుతోంది. నొప్పి పూర్తిగా పోయాక ప్యాడ్‌కే తిరిగి వెళతాడో, వ్రేళ్ళకు కొత్త విద్య నేర్పుతాడో ఇంకా తేల్చుకోలేదు. నేనూ తొందరపెట్టలేదు.

నిన్న సాయంత్రం తండ్రి ఒక్కరే వచ్చారు. కొడుకు గురించి అనుకున్నాను. కుర్చీలో కూర్చుని, కుడిచేయి ముందుకు చాపి, బొటనవేలి మొదట్లో ఎడమ వేలితో నొక్కి చూపించారు. ఎన్నాళ్ళుగా అని అడిగితే "నాలుగేళ్ళు ఉంటుందండి" అన్నారు. సంచిలోనుండి కత్తెర తీసి బల్ల మీద పెట్టారు.